వానపాములు కొనొద్దు తమ్ముడూ, ముందు మట్టికి తిండి పెట్టు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హన్మకొండలో కొత్త ఇల్లు, వెనక 150 గజాల జాగా, ఎర్ర చెలక మట్టి, రెండేళ్ల నుంచి టమాట, వంకాయ, పుంటికూర పెడుతున్నా మొక్క మోకాలెత్తు దాటట్లేదు. అందుకని రెండు కిలోల వానపాములు ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి మట్టిలో వదలాలనుకుంటున్నావు. మీ అత్తమ్మ ఏమో అవి వేర్లు తింటాయి, వద్దంటున్నారు. డాబా మీద కుండీల్లో కూడా వెయ్యొచ్చా అని అడిగావు. ముందు సూటిగా చెప్తా, ఆర్డర్ పెట్టకు. వానపాములతో లాభం లేదని కాదు, తోటకు అవి చేసినంత మేలు వేరే ఏదీ చెయ్యదు. కానీ నువ్వు కొనబోయేవి నేలలో బతికే రకం కాదు. ఒకవేళ బతికే రకమే దొరికినా, ఇప్పుడు నీ మట్టిలో వాటికి తినడానికి ఏమీ లేదు.

ఇది పుస్తకం చదివి చెప్తున్న మాట కాదు. నర్సంపేట వైపు మాకు రెండెకరాలుంది, అందులో పది గుంటలు కూరగాయలు. 18 ఏళ్ల కింద నేను కూడా నువ్వు అనుకున్నట్టే అనుకున్నా. ఒక అమ్మేవాడి దగ్గర రెండు కిలోల వానపాములు తెచ్చి, మార్చి నెలలో, బావి పక్కన ఖాళీగా ఉన్న మడిలో సాయంత్రం పూట చల్లి నీళ్లు పెట్టాను. పొద్దున్నే పోయి చూస్తే మడి అంచు వెంబడి చీమల బారు. ఒక్కో చీమ ఎండి తాడులా అయిన ముక్కను లాక్కుపోతోంది. పారతో నాలుగు చోట్ల తవ్వాను, ఒక్కటి కనిపించలేదు. అమ్మినవాడిని అడిగితే నీళ్లు తక్కువ పెట్టి ఉంటావు అన్నాడు. మళ్లీ ఏడు ఇంకో కిలో తెచ్చి, నీళ్లు ఎక్కువ పెట్టి చూశా. అవీ పోయాయి. అప్పుడు డబ్బు పోయిందన్న బాధ కంటే, ఇన్ని ప్రాణాలను తీసుకొచ్చి చంపానే అన్నదే ఎక్కువ రోజులు మనసులో ఉండిపోయింది. సంగతి అర్థం కావడానికి నాకు మూడేళ్లు పట్టింది. నీకు ఆ మూడేళ్లు పట్టకూడదనే ఇంత వివరంగా రాస్తున్నా.

వానపాములన్నీ ఒక్కలాంటివి కావు. మన దేశంలోనే 400కు పైగా రకాలున్నాయి. బతికే తీరును బట్టి వాటిని మూడు గుంపులుగా చూడొచ్చు. కుళ్లుతున్న ఆకు, పెండ, చెత్త ఉన్నచోట పైపైనే ఉండేవి ఒక గుంపు. మట్టి లోపల అడ్డదిడ్డంగా తిరుగుతూ మట్టినే తింటూ ఉండేవి రెండోది. నిలువుగా లోతు దాకా బొరియ చేసుకుని, రాత్రిపూట పైకొచ్చి ఎండుటాకును లోపలికి లాక్కుపోయేవి మూడోది. వర్మీకంపోస్టు, అంటే వానపాములతో చేయించే ఎరువు కోసం అమ్మేవి ఎక్కువగా ఐసీనియా ఫెటిడా, లేకపోతే ఆఫ్రికా నుంచి వచ్చిన యూడ్రిలస్ యూజీనియే. రెండూ మొదటి గుంపువే. పెండకుప్పలో రాజాలా బతుకుతాయి, చెలక మట్టిలో వేస్తే నాలుగు రోజులు ఉండవు. చేపను తెచ్చి తడి ఇసుకలో పెట్టినట్టే. నేలను బాగు చేసేవి మిగతా రెండు గుంపులు, ఉదాహరణకు మన దక్షిణాది తోటల్లో తరచుగా కనిపించే లాంపిటో మారిటై లాంటివి. మా ఊళ్లో వీటినే ఎర్రలు అంటారు. చిన్నప్పుడు చెరువు కట్ట కింద తవ్వి గాలానికి గుచ్చింది ఈ రకాన్నే. ఇవి కిలోల లెక్కన మామూలుగా ఎవరూ అమ్మరు. అమ్మాల్సిన అవసరం కూడా లేదు, మీ వాడలోనే ఎక్కడో మురుగు కాలువ పక్కన, ఏ వేపచెట్టు నీడలోనో, పక్కింటి అరటి మొదట్లోనో ఉంటాయి. తిండీ నీడా తడీ ఉన్నచోటికి అవే వస్తాయి.

ఇక అవి చేసే పని. చెలక నేల సంగతి నీకు తెలిసిందే, పెద్ద వాన పడి రెండు రోజులు ఆరిందంటే పైన పెచ్చు కడుతుంది. తర్వాత పడ్డ వాన ఆ పెచ్చు మీద జారి రోడ్డు మీదికి పోతుంది, పోతూ పోతూ ఉన్న కాస్త సారవంతమైన మట్టిని కూడా పట్టుకుపోతుంది. నువ్వు రోజూ పైపుతో పెట్టే నీళ్లూ అంతే, పైన రెండంగుళాలు తడిసి ఆగిపోతాయి, వేరు కూడా అక్కడే ఆగిపోతుంది, మొక్క మోకాలెత్తులో ఆగడానికి సగం కారణం ఇదే అయి ఉంటుంది. ఎర్ర బొరియ చేసినచోట నీళ్లకు లోపలికి దారి దొరుకుతుంది. గాలి కూడా ఆ దారినే పోతుంది. బొరియ గోడకు వాటి ఒంటి జిగురు, విసర్జన పూసినట్టు అంటుకుని ఉంటాయి, అందుకే వేరు గట్టి మట్టిని పొడుచుకుంటూ కష్టపడే బదులు ఆ దారి పట్టుకుని కిందికి దిగుతుంది. పోయిన ఏడు ఎండిపోయిన వంగ మొక్కను పీకుతుంటే తల్లివేరు ఎక్కడా వంకర లేకుండా అడుగున్నర పొడుగున వచ్చింది, దాని పక్కనే పెన్సిల్ మందం బొరియ, లోపలంతా నల్లగా నున్నగా పూత పూసినట్టుంది. అదే నేలలో, గడ్డి కప్పని మడిలో వంగ వేరు జానెడు లోతులో పక్కకు తిరిగి, కోడి కాలిలా ముడుచుకుపోయి ఉంది.

వాటి విసర్జన ఎప్పుడైనా దగ్గరగా చూశావా? వానాకాలం పొద్దున్నే నేల మీద సేమ్యాను చుట్టలు చుట్టి పెట్టినట్టు చిన్న చిన్న కుప్పలుంటాయి. ఒక పని చెయ్యి, రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు తీసుకో. ఒకదాంట్లో ఖాళీ నేల మీది ఎండు మట్టిపెళ్ల వెయ్యి, ఇంకోదాంట్లో బాగా ఆరిన వానపాము కుప్పలోని ముక్క వెయ్యి. పెళ్ల చూస్తుండగానే బుడగలు వదులుతూ విడిపోయి అడుగున బురదవుతుంది. వానపాము కుప్పలోని ముక్క చాలాసేపు అలాగే నిలబడి ఉంటుంది. వాన చినుకు కొట్టినా కరగని మట్టి అంటే ఇదే, పెచ్చు కట్టకుండా కాపాడేది ఈ గుణమే. మా మనవరాలికి ఇది చూపిస్తే సాయంత్రం దాకా గ్లాసు ముందు నుంచి లేవలేదు.

పోషకాల సంగతికొస్తే, 1944లో అమెరికాలో పోల్చి చూసినప్పుడు, చుట్టూ ఉన్న మట్టి కంటే వానపాము విసర్జనలో మొక్క తీసుకోగలిగే నైట్రేటు 5 రెట్లు, భాస్వరం 7 రెట్లు, పొటాషియం 11 రెట్లు ఉన్నాయని తేలింది. నేలనుబట్టి ఈ లెక్క మారుతుంది, కానీ ఎక్కడైనా పక్క మట్టి కంటే మెరుగ్గానే ఉంటుంది. ఇక ఎంత మట్టి తిరగేస్తాయి అంటే, డార్విన్ 1881లోనే లెక్క కట్టి చెప్పాడు, ఇంగ్లండులో చాలా చోట్ల ఎకరానికి ఏడాదికి 10 టన్నులకు పైగా మట్టి వాటి కడుపులోంచి పైకొస్తోందని. పది ట్రాక్టర్ల పెంట తోలించి చల్లడానికి మనకెంత ఖర్చో ఆలోచించు, అవి అంత పనీ చప్పుడు లేకుండా చేసి పెడుతున్నాయి.

కానీ ఇక్కడొక మాట జాగ్రత్తగా విను, చాలామంది తప్పుగా అర్థం చేసుకునేది ఇదే. వానపాము నత్రజనిని పుట్టించదు. ఆకులో, పెంటలో, మట్టిలోని పాత కుళ్లులో బిగుసుకుపోయి ఉన్నదాన్ని విప్పి మొక్కకు అందేలా చేస్తుంది, అంతే. 2014లో ప్రపంచంలో అప్పటిదాకా జరిగిన చాలా ప్రయోగాలను కలిపి చూస్తే, వానపాములున్న చోట దిగుబడి సగటున 25 శాతం ఎక్కువగా ఉందని తేలింది. అదే పరిశీలనలో ఇంకోటి కూడా తేలింది. పంట చెత్తను తిరిగి నేలకే ఇచ్చినచోట ఈ లాభం ఎక్కువ, రసాయన నత్రజని దండిగా గుమ్మరించినచోట లాభం దాదాపు కనిపించదు. అంటే తిండి ఉంటేనే వాటి పని, తిండి లేని ఎర్ర నేలలో లక్ష వానపాములను వదిలినా విప్పడానికి ఏమీ ఉండదు. నీ జాగాలో ఇల్లు కట్టేటప్పుడు పైమట్టి అంతా పోయి, సిమెంటు, కంకర కలిసిన అడుగు మట్టి పైకి వచ్చి ఉంటుంది, కొత్త ఇళ్లన్నింటిదీ అదే పరిస్థితి.

అత్తమ్మ భయం గురించి. ఆమె మాటను కొట్టిపారెయ్యకు, వేర్లు తినే పురుగులు నిజంగానే ఉన్నాయి, అవి ఇవి కావు అంతే. వానపాముకు పళ్లుండవు. చచ్చిన ఆకును, కుళ్లిన దాన్ని మట్టితో కలిపి మింగుతుంది. కోడికి కందనకాయ ఉన్నట్టే దానికీ లోపల ఒకటుంటుంది, మింగిన ఇసుక రేణువులతో తిండిని అక్కడ నూరుకుంటుంది. పచ్చి వేరును కొరికే శక్తి దానికి లేదు. వేరు తినేది తెల్లగా, లావుగా, ఇంగ్లీషు అక్షరం సీ లా ముడుచుకుని, తల మాత్రం గోధుమ రంగులో ఉండే వేరు పురుగు, కాళ్లు కూడా కనిపిస్తాయి. అది దొరికితే ఏరి కోళ్లకు వెయ్యి. టమాట పీకినప్పుడు వేర్ల మీద బుడిపెలు బుడిపెలుగా కనిపిస్తే నులిపురుగు, అది కంటికి కనిపించనంత చిన్నది, దానికి బంతి మొక్కలు, వేప పిండి, పంట మార్పిడి. చచ్చిన మొక్క మొదట్లో వానపాము కనిపించిందంటే మొక్కను అది చంపిందని కాదు, మొక్క చచ్చాక కుళ్లు తినడానికి వచ్చిందని. అత్తమ్మకు ఒక వేరు పురుగును, ఒక ఎర్రను పక్కపక్కన పెట్టి చూపించు, ఆమెకే అర్థమవుతుంది.

ఇంకో అపోహ, రెండు ముక్కలైతే రెండు పాములవుతాయని. కావు. తల వైపు ముక్క తగినంత పొడుగుంటే ఒక్కోసారి బతికి తోక మళ్లీ పెంచుకుంటుంది, తోక ముక్క చచ్చిపోతుంది. కాబట్టి పారతో అడ్డగోలుగా తవ్వితే నువ్వు వాటిని పెంచుతున్నట్టు కాదు. కూరగాయల మడిని ప్రతి పంటకూ తిరగేసి తవ్వాల్సిన పని లేదు, ఇది చెప్తే మా ఊళ్లోనూ చాలామంది ఒప్పుకోరు. మొక్క నాటే చోట గుంత తీసుకో చాలు. మరీ గట్టి నేల అయితే మొదటి ఏడు ఒక్కసారి గడ్డపారతో వదులు చెయ్యి, ఆ తర్వాత ఆ పని వాటికి వదిలెయ్యి.

మరి ఇప్పుడేం చెయ్యాలి అంటే, రోహిణి కార్తె నడుస్తోంది కాబట్టి ముందు నేలను కప్పు. వరంగల్‌లో ఈ పది పదిహేను రోజులు ఎండ 43, 44 దాటుతుంది, ఖాళీ చెలక మీద మధ్యాహ్నం చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం. ఆ వేడికి పైపొరలో వానపాములు ఉండవు. అట్లని అవి చచ్చిపోయాయని కాదు. నాలుగేళ్ల కింద ఇదే కార్తెలో పైపు పగిలి బాగు చెయ్యడానికి జామచెట్టు దగ్గర రెండడుగుల లోతు తవ్వాం. అడుగున గోళీకాయంత మట్టి ఉండ ఒకటి విరిగింది. లోపల ఒక ఎర్ర తనను తానే ముడి వేసుకున్నట్టు చుట్టుకుని పడుకుని ఉంది, దాని చుట్టూ గది గోడ నున్నగా జిగురు పూసి ఉంది. అరచేతిలో పెట్టుకున్నా కదల్లేదు. దాని మీద రెండు చుక్కలు నీళ్లు వేస్తే కాసేపటికి మెల్లగా ముడి విప్పుకోవడం మొదలుపెట్టింది. మళ్లీ తడి మట్టిలో చుట్టి చెట్టు మొదట్లో నీడలో పెట్టి వచ్చాను. వాన కోసం అట్లా నెలల తరబడి నిద్రపోతాయి. నీ నేల కింద కూడా ఒకటో రెండో అట్లా ఉండొచ్చు, తొలకరికి పైకొచ్చినప్పుడు వాటికి తిండి కనిపించాలి.

కప్పడానికి వరిగడ్డి, ఎండుటాకు, కొబ్బరి పట్టలు, చెరుకు పిప్పి, ఏదైనా సరే, నాలుగంగుళాల మందం. యాసంగి కోతలయ్యాక కోత మిషన్ వదిలిపోయిన గడ్డిని పొలంలోనే కాల్చేస్తున్నారు, నర్సంపేట రోడ్డు మీద సాయంత్రం పోతుంటే కళ్లు మండుతాయి. ఆ పొగ చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది, వానపాముల తిండికి వానపాములతో సహా నిప్పు పెట్టడమే కదా అది. ఊళ్లో తెలిసిన రైతును అడిగితే ఆటో నిండా సంతోషంగా ఇస్తారు. గడ్డిని మట్టిలో కలపకు, పైననే ఉంచు, కలిపితే అది కుళ్లడానికి మట్టిలో ఉన్న నత్రజనినే లాక్కుంటుంది, మొక్క పసుపు రంగుకు తిరుగుతుంది. మొక్క కాండానికి జానెడు దూరం వదులు, లేకపోతే మొదలు కుళ్లుతుంది, చెదలు కూడా ఎక్కుతాయి. గడ్డి కింద తడి ఆరకుండా రెండు రోజులకోసారి నీళ్లు పెట్టు.

తిండి అంటే పశువుల పెంట. ఎకరానికి 10 టన్నులు అనేది మామూలుగా చెప్పే లెక్క, ఆ ప్రకారం నీ 150 గజాలకు సుమారు 300 కిలోలు. నీ నేల బొత్తిగా బక్కది కాబట్టి మొదటి ఏడు రెట్టింపు వేసినా తప్పులేదు. బాగా మాగిన పెంట, నల్లగా, వాసన లేకుండా ఉన్నది తెచ్చుకో. పచ్చి పెండ వేడెక్కుతుంది, దాని దగ్గరికి ఎర్ర రాదు, పైగా వేరు పురుగుకు ఇష్టమైన చోటు అది. ఇంట్లో వచ్చే కూరగాయల తొక్కలు రోజూ ఒక మూల జానెడు గుంత తీసి పూడ్చు, మర్నాడు దాని పక్కన ఇంకోటి. రెండు నెలల తర్వాత మొదటి గుంత తవ్వి చూడు, అందరికంటే ముందు ఎర్రలు చేరేది అక్కడే. ఉప్పు కారం వేసిన కూరలు, పచ్చళ్లు, నూనె, మాంసం వెయ్యకు. నిమ్మ తొక్కలు కొంచెమైతే ఫర్వాలేదు, జ్యూస్ బండి దగ్గర బస్తా నిండా తెచ్చి కుమ్మరిస్తే పులుపుకు పారిపోతాయి.

మృగశిరకు తొలకరి పడగానే జాగాను రెండు భాగాలు చెయ్యి. సగంలో కూరగాయలు పెట్టుకో, ఇంకో సగంలో జనుము గానీ జీలుగ గానీ చల్లు. నలభై, నలభై ఐదు రోజులకు పూత మొదలవుతుండగా కోసి అక్కడే పరిచెయ్యి. పచ్చి ఆకు నత్రజని ఉన్న తిండి, దాని మీదికి ఎర్రలు వచ్చే తీరు చూస్తే నీకే ఆశ్చర్యమేస్తుంది. వచ్చే ఏడు భాగాలు మార్చు. చెరువు మట్టి దొరికితే అది కూడా తోలించుకో, చెలకలో బంక తక్కువ కాబట్టి తడి నిలవదు, చెరువు పూడిక మట్టి ఆ లోటు తీరుస్తుంది. కాకతీయుల కాలం నుంచి మనది చెరువుల సీమ, 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పూడిక తీసిన మట్టిని ట్రాక్టర్లతో చేన్లకు తోలుకున్న రైతుల్లో నేనూ ఉన్నాను. రెండంగుళాల మందం మించకుండా పరిచి పెంటతో కలుపు, ఎక్కువైతే వానాకాలం మడి బురదగుంట అవుతుంది.

పెట్టకూడనివి కూడా చెప్పాలి. కార్బోఫ్యూరాన్ లాంటి గుళికల మందు మడిలో వేశావంటే ఆ మర్నాడు చచ్చిన ఎర్రలు నేల మీద తేలతాయి, ఏరుకు తిన్న పిట్టలు కూడా చస్తాయి. ఇంటి పెరట్లో దాని అవసరమే లేదు. బోర్డో మిశ్రమం లాంటి రాగి మందులు ఒకసారి కొడితే కొంపలు మునగవు, కానీ ఏటా కొడుతూ పోతే రాగి నేలలో పేరుకుని ఎర్రలు తగ్గిపోతాయి. యూరియా గురించి నాకు పంతం లేదు, ఆకు మరీ పసుపు రంగుకు తిరిగితే దాన్ని గుప్పెడు తీసుకుని నీళ్లలో కలిపి పోస్తే పోయిందేమీ లేదు, కానీ దాని మీదే ఆధారపడి పెంట మానేస్తే మళ్లీ మొదటికి వస్తావు. పొయ్యి బూడిద కుప్పగా వెయ్యకు, పలచగా చల్లు. జనగామ దగ్గర లింగాల ఘన్‌పూర్ మండలంలో ఏనెబావి అని ఒక చిన్న ఊరుంది, ఇరవై ఏళ్ల కిందటే ఊరంతా కలిసి రసాయనాలు మానేశారు. వీలైతే వానాకాలంలో ఒకసారి పోయి వాళ్ల మట్టిని చేత్తో పట్టి చూడు, నేను నాలుగు పేజీలు రాసిన దానికంటే అది ఎక్కువ చెప్తుంది.

వానపాములు కొనాలనే ఉందంటే, నేల కోసం కాదు, వర్మీకంపోస్టు బెడ్డు కోసం కొను, అక్కడ అవి నిజంగా బంగారం. నీ ఇంటికి మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, రెండడుగుల ఎత్తు తొట్టి చాలు, కిలో వానపాములతో మొదలుపెట్టు, కిలోకు సుమారు వెయ్యి వస్తాయి. మామునూరు కృషి విజ్ఞాన కేంద్రంలో ముందు అడిగి చూడు, ఎవరో తెలియని వాళ్ల దగ్గర ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే ఈ ఎండలకు దారిలోనే సగం చస్తాయి, ఎట్లయినా వానలు మొదలయ్యాకే తెచ్చుకో. చెట్టు నీడనో, రేకుల కింద తాటాకు కప్పిన చోటనో పెట్టు. పెండను 15, 20 రోజులు బయట ఆరబెట్టి వేడి పోయాకే వెయ్యాలి, చెయ్యి లోపల పెట్టి చూస్తే చల్లగా ఉండాలి. తడి ఎంత ఉండాలంటే, పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధారగా కారకూడదు. పైన గోనె సంచి కప్పు. అన్నింటికంటే పెద్ద శత్రువు చీమ, తొట్టి చుట్టూ సన్నటి కాలువలా చేసి నీళ్లు నింపు. నా మొదటి బెడ్డును పందికొక్కులు ఒక్క రాత్రిలో తోడేశాయి, అందుకే పైన ఇనుప జాలీ కూడా వేస్తాను. 45 నుంచి 60 రోజుల్లో పైనంతా టీ పొడిలా అవుతుంది. తీసే ముందు నాలుగు రోజులు నీళ్లు ఆపి, ఎరువును గోపురంలా కుప్ప పోస్తే వెలుతురుకు, ఆరిన దానికి భయపడి పాములు అడుగుకు దిగుతాయి, పైనుంచి ఎరువు తీసుకోవచ్చు. ఒక్కో టమాట, వంగ మొక్కకు రెండు పిడికిళ్లు వేసి గడ్డి కింద కప్పేస్తే చాలు. అట్లా ఎరువుతో పాటు నేలలోకి పోయిన కొన్ని పాములు బతకకపోయినా బాధపడకు, వాటి పని బెడ్డులోనే.

డాబా మీద కుండీల్లో వెయ్యొద్దు. నేలలోని ఎర్రకు ఎండ ఎక్కువైతే కిందికి పోయే దారుంటుంది, కుండీలో ఎటు పోయినా వేడి గోడే. మే నెలలో నల్ల ప్లాస్టిక్ కుండీ పక్కన చెయ్యి పెట్టి చూడు, ఎట్లా కాలుతుందో. ఇక చిన్న కుండీలో అవి ఉన్న కొద్దిపాటి కంపోస్టునంతా తిని మెత్తటి బంకలా చేస్తే అడుగు బెజ్జం మూసుకుపోయి నీళ్లు నిలుస్తాయి. కుండీలకు నెలకోసారి గుప్పెడు వర్మీకంపోస్టు వెయ్యి, అదే లాభం. పెద్ద డ్రమ్ముల్లో, సగం నీడలో ఉన్నవాటిలో వాటంతటవే వస్తే ఉండనివ్వు. చిన్న కుండీలో కనిపిస్తే తీసి కింద జామచెట్టు దగ్గర వదిలిపెట్టు.

వానాకాలం బాత్రూంలోకి, వరండాలోకి వస్తాయని మీ ఇంట్లో టెన్షన్ పడతారేమో, ముందే చెప్తున్నా. అవి చర్మంతోనే గాలి పీలుస్తాయి, మట్టి రంధ్రాలన్నీ నీళ్లతో నిండితే కొన్ని రకాలు ఊపిరాడక పైకొస్తాయి, బయట నేలంతా తడిగా ఉంటుంది కాబట్టి కొత్త చోటు వెతుక్కోవడానికీ అదే అదను. ఎండ పడేలోపు ఒక ఆకు మీద తీసుకుని మడిలో వేస్తే చాలు, ఉప్పు చల్లొద్దు. వాటిలో ఒక్కోటి నున్నగా, నల్లగా మెరుస్తూ, ఉంగరాల గీతలు లేకుండా, చాలా చురుగ్గా జారిపోతుంటుంది, అది వానపాము కాదు, గుడ్డి పాము. నిజంగా పామే, కానీ విషం లేదు, మనిషిని కరవదు. చెదల గుడ్లు, చీమల గుడ్లు తిని బతుకుతుంది, తోటకు అది కూడా చుట్టమే, చంపకండి.

వానపాములు అడవులను నాశనం చేస్తున్నాయని ఒక వీడియో చూశానని రాశావు. అది అబద్ధం కాదు, కాకపోతే ఉత్తర అమెరికా సంగతి. అక్కడి ఉత్తర భాగం వేల ఏళ్ల కింద మంచు పలకల కింద ఉండిపోయింది, ఆ అడవులు వానపాములు లేకుండానే పెరిగాయి. బయటినుంచి తెచ్చిన రకాలు ఇప్పుడు అక్కడ నేల మీది ఆకు పొరను తినేస్తున్నాయి, ఆ పొర మీద ఆధారపడ్డ మొక్కలకు కష్టమొచ్చింది. మన నేల అట్లా కాదు, ఇక్కడ ఎర్రలు ఎప్పటినుంచో ఉన్నాయి. బయటి రకాన్ని తెచ్చి విచ్చలవిడిగా వదలకుండా, ఉన్నవాటికే తిండి పెట్టమని నేను అనడానికి ఇది కూడా ఒక కారణం.

పని జరుగుతోందో లేదో తెలుసుకోవడానికి ఒక లెక్క ఉంది. మృగశిర దాటి రెండు మంచి వానలు పడ్డాక, పొద్దున్నే, అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గుంత తీసి ఆ మట్టిని పాత చీర మీద పోసి చేత్తో విడదీస్తూ ఎర్రలను లెక్క పెట్టు. పది గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే నేల బాగున్నట్టే. లోతుగా దిగేవి తవ్వుతుంటేనే తప్పించుకుంటాయి, వాటి కోసం గుంత అడుగున ఆవ పిండి కలిపిన నీళ్లు పోస్తే ఘాటుకు పైకొస్తాయి, లెక్క పెట్టాక మామూలు నీళ్లతో కడిగి వదిలిపెట్టు. మొదటి ఏడు సున్నా, ఒకటి, రెండు వచ్చినా నిరాశ పడకు, నాకు గడ్డి కప్పిన మొదటి వానాకాలం వచ్చినవి మూడే, ఆ ఏడు దసరా నాటికి ఏడు, మూడో ఏడు వానాకాలం పద్దెనిమిది. తేదీ, ఎన్ని వచ్చాయో ఒక నోట్‌బుక్కులో రాసి పెట్టుకో, దసరా ముందు మళ్లీ అదే మడిలో, పాత గుంతకు రెండడుగుల పక్కన తవ్వు. రెండు లెక్కలూ, వంగ వేరు ఎంత పొడుగు వచ్చిందో కూడా నాకు చెప్పు. మొక్క మాత్రం మెల్లగా పీకు, వేరు తెగితే ఎంత లోతు దిగిందో తెలియదు.